కడలి యడుగున పాఠశాల

పగడము రాయియా, ప్రాణియా యని గడచిన వేసవిలో మా మనుమడు మమ్ము అడిగెను. వాడు తమిళ మాధ్యమమున ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. వాని పాఠ్యపుస్తకములో పగడపు దిబ్బకు ‘పవళప్పారై’ యని పేరు. పారై యనగా బండ. ఇంటిలో వాని అవ్వ మంగళసూత్రమునకు ఇరుప్రక్కల గ్రుచ్చిన ఎఱ్ఱని పూసలును పగడములే. నవరత్నములలో నొకటి, కుజునకు ప్రీతియైనది. ఇన్ని సాక్ష్యములు చేతిలో నుండగా మాకు సంశయమేమి? “రాయియే, నాయనా” యని నిశ్చయముగా చెప్పితిమి.

వాడు మారు పలుకక ఫోను తెచ్చి మా ముందుంచెను. అమెరికా దేశమున ఫ్లారిడా తీరపు సముద్రగర్భములో ఒక యింటనుండి పిల్లలకు చెప్పిన పాఠమది. 2014లో జరిగినది, తెరపై నేటికిని చూడవచ్చును. కిటికీ వెలుపల చేపలు తిరుగుచుండెను. పగడము జంతువనియు, ఆవగింజ మొదలు వ్రేలి గోరంత పరిమాణము గల పురుగులు వేనవేలుగా కూడి, నీటిలోని సున్నమును గ్రహించి, తమ చుట్టును గోడలు కట్టుకొనుచు వేల సంవత్సరములకు దిబ్బలగుననియు అప్పుడు తెలిసికొంటిమి. వాని అవ్వ మెడలోని పూస మధ్యధరా సముద్రపు టడుగున పెరుగు వేరొక జాతి పగడపు జీవి యస్థిపంజరము. ఒకప్పుడు ఆ పగడము ఓడలలో చెన్నపట్టణమునకు వచ్చి, బదులుగా గోలకొండ వజ్రములు సీమకు పోయెడివి. ఆ వర్తకుల పేర ఏర్పడిన పవళకారుల వీధి మన్నడి ప్రాంతమున నేటికిని కలదు. తెలుగునేల వజ్రమును ఇచ్చి కొన్న వస్తువు ఒక ప్రాణి యెముక యని ఆ యింటి యజమానికి డెబ్బదియవ యేట మనుమడు చెప్పవలసివచ్చెను. సిగ్గుపడితిమని చెప్పుటకు సిగ్గుపడము.

ఆ సిగ్గునుండి పుట్టినదే ఈ వ్యాసము. దూరమున నున్న దానిని కన్నుల యెదుటికి తెచ్చి చూపు ఈ క్రొత్త చదువు నిజముగా జ్ఞానమేనా? జ్ఞానమైనచో, చూచినవానిపై అది ఏదేని భారమును మోపునా? ఈ రెండు ప్రశ్నలును వేరు వేరని మొదట తలచితిమి. ఇప్పుడు అట్లు తోచుటలేదు.

ముందు ఆ నీటి యింటి సంగతి కొంత చెప్పవలెను. కడలి యడుగున కాపురముండవలెనను కోరిక నేటిది కాదు. 1962లో ఫ్రాన్సు దేశపు మార్సేయి తీరమున జాక్ ఈవ్ కూస్తో అను నావికుడు ఇద్దరు మనుష్యులను పది మీటర్ల లోతున ఇనుప గదిలో ఏడు దినములుంచెను. మరుసటి యేట ఎఱ్ఱసముద్రమున, సుడాను తీరపు పగడపు దిబ్బపై, ఆయన బృందమువారు నెలదినములు కాపురముండిరి. 1970లో సిల్వియా ఎర్ల్ అను శాస్త్రజ్ఞురాలి నాయకత్వమున ఐదుగురు స్త్రీలు వర్జిన్ దీవుల చెంత రెండు వారములు అట్లే నివసించిరి. నేడు ఈ జాతి గృహములలో పేర్కొనదగినది ‘అక్వేరియస్’. ఫ్లారిడాలోని కీ లార్గో తీరమునుండి కొన్ని మైళ్ల దూరమున, సుమారు అరువదియడుగుల లోతున, పగడపు దిబ్బ ప్రక్కనే అది కూర్చున్నది. 2013 మొదలు ఫ్లారిడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయమువారు దానిని నడుపుచున్నారు. ఆరుగురికి పడకలు కలవు. గాలియు విద్యుత్తును వార్తలును పైన తేలియాడు బోయానుండి గొట్టముల ద్వారా, తీగల ద్వారా క్రిందికి దిగును.

ఆ యింటికి తలుపు నేలలో నున్నది. దానికి రెక్క అవసరము లేదు. చెంబును బోర్లించి కొలనులో ముంచినచో లోపలి గాలి నీటిని పైకి రానీయదు గదా, ఆ కిటుకే ఇదియును. లోపలి గాలి వెలుపలి నీటితో సమమైన ఒత్తిడిలో నుండును, అనగా మనము పీల్చు గాలికి సుమారు రెండున్నర రెట్లు. ఒక దినము ఆ గాలిలో నున్న మనుష్యుని నెత్తురును కండలును నత్రజనితో నిండిపోవును. అట్టివాడు ఉన్నట్టుండి పైకి తేలినచో, గోలీసోడా గోలీని నొక్కినప్పుడు బుడగలు పొంగినట్లు, వాని శరీరములో నత్రజని పొంగి ప్రాణముమీదికి తెచ్చును. కనుక ఇల్లు విడువవలెనన్న ముందుగా పదునేడు గంటలపాటు ఒత్తిడిని మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను. కన్నులెత్తినచో సూర్యుని వెలుగు కనబడును, కాని అచ్చటికి పోవుటకు పదునేడు గంటల వ్యవధి కావలెను. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాము.

2014 జూన్ మొదటి తేదీ మొదలు జులై రెండవ తేదీవరకు, తాతగారికంటె ఒక దినము మిన్నగా, కూస్తో మనుమడు ఫాబియన్ కూస్తో తన బృందముతో అక్వేరియస్‌లో ముప్పదియొక్క దినములుండెను. పగటివేళ దిబ్బపై పరిశోధన. నడుమ నడుమ దేశదేశముల పాఠశాలల పిల్లలతో తెరమీద సంభాషణ. అదే యేటి అక్టోబరులో టెనెసీ రాష్ట్రపు ఒక కళాశాలలో జీవశాస్త్రము చెప్పు బ్రూస్ కాంట్రెల్, జెస్సికా ఫెయిన్ అనువారు కీ లార్గోలోనే వేరొక నీటి గృహమున దిగి, డెబ్బదిమూడు దినములు వెలుపలికి రాక, వారమువారము అచ్చటినుండియే పాఠములు చెప్పిరి. దానికి వారు పెట్టిన పేరు ‘సముద్రము క్రింది తరగతి గది’. మరల 2023లో జోసెఫ్ డిటూరి అను ఆచార్యుడు అదే గృహమున నూరు దినములుండి పెక్కు దేశముల విద్యార్థులతో మాటలాడెను. ఆ గృహమున్నది మడ అడవుల నడుమనున్న ఒక చిన్న కయ్యలో. మన పళవేర్కాటి చెరువును చూచినవారికి ఆ చోటు వింతగా తోచదు.

ఇక మా ప్రశ్నకు వత్తుము. తెరపై చూచినది ప్రత్యక్షమగునా? ఇంద్రియమునకు వస్తువుతో సంబంధము కలుగగా పుట్టు జ్ఞానము ప్రత్యక్షమని నైయాయికుల మతము. మా మనుమని కంటికి సంబంధము కలిగినది గాజుపలకతో, పగడముతో కాదు. నీటి చలువ లేదు, ఉప్పు రుచి లేదు, ఒత్తిడి లేదు. కావున ప్రత్యక్షము కాదు. అనుమానమును కాదు, ఉపమానమును కాదు. మిగిలినది శబ్దము, అనగా ఆప్తుని వాక్యము. ఆప్తుడనగా నెవడు? తాను సాక్షాత్తుగా నెరిగి, ఎరిగిన దానిని ఉన్నదున్నట్లు తెలుపగోరువాడని న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుని తాత్పర్యము. ఇచ్చట మాకొక సంగతి స్ఫురించినది. ఊరక ఒక యంత్రపు కన్నును దిబ్బమీద నుంచి బొమ్మను పంపినచో చేపలు ఇంతకంటె చక్కగా కనబడవచ్చును, వ్యయమును ఎంతయో తగ్గును. అట్లుండగా మనుష్యుడు దిగుటెందుకని అడుగువారు కలరు. యంత్రము చూపును కాని చెప్పదు. దానికి ఎరుకయు లేదు, తెలుపవలెనను కోరికయు లేదు. దిబ్బ చెంత కాపురమున్న ఉపాధ్యాయుడు పిల్ల అడిగిన ప్రశ్నకు “తెలియదు, రేపు పోయి చూచి వచ్చి చెప్పెదను” అనగలడు. మరునాడు నేలలోని తలుపుగుండ దిగి, చూచి, తిరిగి వచ్చి చెప్పగలడు. మా విద్యార్థిదశలో “తెలియదు” అన్న ఉపాధ్యాయుని ఒక్కనిని చూచితిమి. ఆయన చెప్పినవే నేటికిని జ్ఞప్తియందున్నవి.

ఈ విషయమును మన సంఘపు సమావేశమున ప్రస్తావింపగా ఒక మిత్రుడు వెంటనే సంజయుని పేరెత్తెను. హస్తినలో కూర్చుండి కురుక్షేత్రమును చూచి చెప్పినవాడు ఆయనయే కదా, మనకిది క్రొత్త కాదని ఆయన అభిప్రాయము. మా పూర్వులకు అన్నియు తెలియునను ఈ ధోరణి మాకు అంతగా రుచింపదు. ఐనను భారతమును మరల తెరచి చూచితిమి. తెరచుట మంచిదైనది. వ్యాసుడు ముందు ధృతరాష్ట్రునకే చూపు నిచ్చెదననెను. జ్ఞాతివధను చూడజాలను, విందును చాలుననెను రాజు. అప్పుడు సంజయునకు ఆ వరము కలిగెను. వరము కలిగినవాడు హస్తినలోనే కూర్చుండలేదు. యుద్ధభూమినుండి వచ్చి భీష్ముడు పడెనను వార్త చెప్పెను. కడకు సాత్యకి చేతజిక్కి, వ్యాసుని దయవలన ప్రాణములతో బయటపడెను. చెప్పినవాడు ప్రమాదములో నుండి చెప్పినాడు. విన్నవాడు సింహాసనమునుండి కదలలేదు. పదునెనిమిది దినములు అంతయు విని, నిట్టూర్చి, మూర్ఛిల్లి, మరల లేచి “పిమ్మట నేమైనది?” అని యడిగెను. యుద్ధమును ఆపుమను మాట ఆయన నోట రాలేదు. తెలిసినది కొఱత కాదు, ఆయనకు.

తెరపై చూచుటయందు ఈ ధృతరాష్ట్రత్వము దాగియున్నది. దీనికి భారతమువరకు పోనక్కరలేదు, మన యూరే చాలును. 2024 అక్టోబరు 11వ తేదీ రాత్రి కవరైపేట్టై స్టేషనులో నిలిచియున్న సరకుల బండిని మైసూరునుండి దర్భంగాకు పోవు బాగమతి ఎక్స్‌ప్రెస్ గ్రుద్దుకొనెను. దైవకృపవలన ప్రాణనష్టము కలుగలేదు, పలువురు గాయపడిరి. ఆ రాత్రి మన యూరిని దేశమంతయు చూచెను. దూరపు బంధువులు ఫోను చేసి, “మీ స్టేషనే కదా, పెట్టె మండుచున్నది, చూచుచున్నాము” అనిరి. మేము చూడలేదు. ఇంటిలో దీపము పెట్టుకొని పెద్ద శబ్దమును మాత్రము వింటిమి. చీకటిలో పట్టాల ప్రక్కకు పరుగెత్తిన మా వీధి కుర్రలకు కనబడినది టార్చిదీపపు వెలుగులో ఒక చేయి, ఒక సంచి, ఏడ్చుచున్న పసిబిడ్డ. తెరమీది చిత్రము వారికంటె స్పష్టముగా మా బంధువులకే కనబడియుండును. ఐనను ఆ రాత్రి ఏమి జరిగినదో తెలిసికొనవలెనన్న మేము నేటికిని ఆ కుర్రలనే అడుగుదుము.

ఇది చెప్పి తెరను నిందించుట మా యుద్దేశము కాదు. తెర లేనిచో మా మనుమనికి పగడము రాయిగానే యుండెడిది, మాకును అట్లే. కాని మేము మనస్సున నుంచుకొనుడని కోరిన పదునేడు గంటల సంగతి ఇచ్చటికి వచ్చుచున్నది. పాఠము నచ్చనిచో పిల్ల క్షణములో తెరను ఆర్పివేయును. చెప్పువాడు అట్లు లేచి పోజాలడు. ఆ చోటు ఆయనను పట్టియుంచినది. ఆయన మాటకు కలిగిన గౌరవము పాండిత్యమువలన కొంత, ఈ కట్టుబాటువలన కొంత.

ఆ కట్టుబడినవారు చూచినదేమి? పగడపు పురుగు దేహములో కంటికి కనబడని నాచువంటి జీవులు వసించును. అవి ఎండను గ్రహించి ఆహారము వండి పురుగునకు పెట్టును. పురుగు వానికి నీడ నిచ్చును. రంగులన్నియు ఆ యతిథులవే. సముద్రజలము వేసవిలో సాధారణముగా చేరు వేడికి ఒక్క డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచినచో ఈ కాపురము చెడును. పురుగు ఆ జీవులను వెడలగొట్టును. తాను తెల్లబడి, ఆకలితో కొన్నాళ్లుండి, నీరు చల్లబడనిచో చచ్చును. డిటూరి నూరు దినములు ముగించి 2023 జూన్ 9న పైకి వచ్చెను. ఆ జులైలోనే కీ లార్గో సమీపమున మానటీ బే అను లోతులేని కయ్యలో నీటి వేడి 38 డిగ్రీలు దాటినట్లు బోయా యంత్రము చూపెను. దిబ్బలమీద అంత కాకున్నను, ఎన్నడు నెరుగని వేడి వారములపాటు నిలిచెను. జింకకొమ్ములవలె, దుప్పికొమ్ములవలె శాఖలు చాచు రెండు జాతుల పగడములు, అచ్చటచ్చట కొన్ని మిగిలినను, ఆ తీరమున ఇక దిబ్బను కట్టజాలనంతగా నశించినవని 2025లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2014లో ఆ దిబ్బల పాఠము విన్న పిల్లలు నేడు యౌవనవంతులు. పాఠములోని బొమ్మ మిగిలినది.

ఇచ్చట మాకు కలిగిన కష్టమును దాపరికము లేక చెప్పెదము. తాము మాన్పజాలని నాశమునకు పసివారిని సాక్షులను చేయుట ధర్మమేనా? సాక్షి యను మాటకు కన్నులార చూచినవాడని అర్థము. చూచి చెప్పనివానికి దోషము కలదని మన ధర్మశాస్త్రములు. తెలిసియు సభలో నోరు మెదపనివారి పాపమును విదురుడు ద్యూతసభలోనే చెప్పెను. అట్లైనచో పగడపు దిబ్బ తెల్లబడుట చూచిన పదమూడేండ్ల బాలుడు ఎవరితో చెప్పవలెను, ఏ సభలో? సముద్రమును వేడిచేసినది వాడు కాదు. కవరైపేట్టైనుండి చెన్నపట్టణమునకు రైలులో పోవునప్పుడు పొన్నేరి, మీంజూరు దాటిన పిమ్మట అత్తిపట్టు చెంత ఆకాశమునంటు పొగగొట్టములు కనబడును. వల్లూరులో ఐదేసి వందల మెగావాట్ల యంత్రములు మూడు బొగ్గును కాల్చుచున్నవి. ఉత్తర చెన్నై కేంద్రము దాని సరసనే కలదు. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరి భూమి వేడిని పట్టియుంచును. ఆ వేడిలో అధికభాగమును సముద్రము మ్రింగును. మా పంకాలు తిరుగునది, మా మనుమడు పాఠము చూచిన ఫోను నిండునది ఇట్టి విద్యుత్తుతోనే. ఆ కేంద్రములు వచ్చినప్పుడు మేము సంతోషించితిమి. కరెంటు పోనిచో నేటికిని సంతోషింతుము. కనుక చెప్పుకొనవలసిన లెక్క మాది. దానిని వాని నెత్తిన పెట్టుట న్యాయము కాదు.

చూపవలెనా, మానవలెనా యని అడిగినచో చూపవలెననియే అందుము. అయితే ఒంటరిగా చూడనీయరాదు. తెర ముందు వానిని కూర్చుండబెట్టి మేము పత్రిక చదువుకొనుట తగదు. వాడు సాక్షియైనచో మేము ముద్దాయిలమో తోడి సాక్షులమో కావలెను. రెండును కావలసివచ్చినను వచ్చును.

ఒక మాన్యుడు మాతో నిట్లనెను: “అయ్యా, మన పిల్లలకు తెలుగు అక్షరములే రాకున్నవి, ఈ పగడముల గొడవ మనకేల?” ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. తరతరములుగా ఈ జిల్లాలో నున్నాము. ఇంటిలో తెలుగు మాటలాడుదుము. పెండ్లిపత్రికను తమిళములో అచ్చువేయుదుము. అక్షరములు నేర్పుటకు ఆదివారపు తరగతులు పెట్టితిమి, రెండు నెలలకు పిల్లలు రాకపోయిరి. “అమ్మ, ఆవు” వ్రాసిన పిమ్మట వ్రాయుటకు వారికేమియు లేకపోయెను. వ్రాయవలసిన సంగతి ముందు కావలెను, అక్షరము దాని వెంట వచ్చును అని మాకిప్పుడు తోచుచున్నది. మైనారిటీ భాషను పగడముతో పోల్చి, మనమును పరాయి నీటిలో గోడలు కట్టుకొన్న జీవులమని ఉపన్యసింపవచ్చును. వేదికపై చప్పట్లు కూడ పడును. ఆ పోలిక మాకు వలదు. ఈ నీరు మనకు పరాయి కాదు.

మన తీరమున పగడపు దిబ్బలు లేవు. పగడమునకు తేట నీరు కావలెను. గోదావరీ కృష్ణాది నదులు తెచ్చు ఒండ్రు దానికి సరిపడదు. కోరమాండల్ అను పేరు విని పగడముల తీరమని భ్రమించు పిల్లలు కలరు. అది చోళమండలమను మాట యని చెప్పవలసివచ్చును. మనకు సమీపమున దిబ్బలున్నది మన్నారు సింధుశాఖలో, రామేశ్వరమునకు తూత్తుకుడికి నడుమ నున్న ఇరువదియొక్క దీవుల చుట్టును. 1986లో అది జాతీయోద్యానమైనది. అంతకు ముందును వెనుకను ఏండ్ల తరబడి ఆ పగడమును సున్నమునకై గునపములతో పెకలించిరి. దీవులలో రెండు నీట మునిగినవి. పగడమును బండ యనుకొన్నవారు బండను త్రవ్వినట్లే త్రవ్విరి. మేమును బండయే యనుకొంటిమి గదా. తెలుగువారికి మరియొక సంబంధమును కలదు: ఆ దిబ్బలకు, అండమాను లక్షద్వీపముల దిబ్బలకును నీటి వేడివలన ముప్పు రానున్నపుడు హెచ్చరించునది హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము. సముద్రమే లేని ఊరిలో కూర్చుండి ఉపగ్రహముల ద్వారా నీటి వేడిని కొలుతురు.

దీవులకు మా మనుమని తీసికొనిపోవు శక్తి మా మోకాళ్లకు లేదు. కాని పళవేర్కాడు తూర్పున ఒక పూట ప్రయాణము. ఆంధ్రమునకు తమిళనాటికిని నడుమ పరచుకొన్న ఈ ఉప్పునీటి చెరువును అవతలి ఒడ్డువారు ప్రళయకావేరి యందురు. శ్రీహరికోటనుండి లేచు రాకెట్టును మా మేడపైనుండి వాడు ఎన్నిమార్లో చూచినాడు. ఆ దీవి ప్రక్కనున్న నీటిని ఒక్కమారును ముట్టలేదు. మేము తీసికొనిపోలేదు. ఫ్లారిడా అడుగును చూచినవాడు తన జిల్లా నీటిని ఎరుగకుండుటకు తప్పు తెరది కాదు.

ఈ యేడు జనవరిలో పోతిమి. పడవవాడు సగము తమిళము, సగము తెలుగు మాటలాడెను. రాజహంసలు దూరముగా నుండెను. చెరువు నోరు ఇసుకతో పూడుచుండుననియు, పూడినచో సముద్రపు నీరు రాక రొయ్య పెరుగదనియు చెప్పెను. మా మనుమడు చేయి నీటిలో నుంచి, “తాతా, ఇది వేడియా? ఎప్పుడును ఇంతేనా?” అని తెలుగుననే అడిగెను. తెలియదని చెప్పితిమి. పడవవాని నడిగితిమి, ఆయన నవ్వి, ఒక దినము చేయి ముంచి ఎట్లు చెప్పగలమనెను.

తిరిగి వచ్చుచు పొన్నేరిలో ఒక ఉష్ణమాపకమును, గీతల నోటుపుస్తకమును కొంటిమి. నెలకొకమారు పోవుట, ఒకే రేవున ఒకే వేళ ముంచి చూచుట, తేదీయు వేడియు వ్రాయుట, ఇది మా యిద్దరి యొప్పందము. పుస్తకములో ఇప్పటికి నాలుగు పంక్తులు కలవు. ఒక నెల మాకు జ్వరము వచ్చి తప్పిపోయెను. ఆ చోట వాడు “తాతకు జొరం” అని వ్రాసినాడు. ‘నీరు’ అను మాటలో దీర్ఘము మరచినాడు. ఇంకను దిద్దలేదు.